కార్ల కంపెనీ మునిగితే ఖజానా ఆదుకోవాలా?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కంచన్‌బాగ్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ యజమాని దయతో ఇచ్చే ఈనాం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ అందులో తేల్చింది. ప్రతి ఏడూ ఆ తీర్పు గురించే చెప్పుకుంటున్నాం గనుక ఈసారి వేరే విషయం మాట్లాడమని కార్యదర్శి గారి ఆదేశం. నష్టాల్లో మునిగిన కార్ల కంపెనీలను ప్రభుత్వం ప్రజల పన్నుల డబ్బుతో ఆదుకోవచ్చునా అన్నది వారిచ్చిన విషయం. "కార్లకూ మనకూ ఏం సంబంధమండీ, మనం ఎక్కేది మిధాని డిపో బస్సే కదా" అన్నాను. "సంబంధం ఉందో లేదో మీరే చెప్పండి" అన్నారు. నేను ముప్ఫై రెండేళ్ళు ఖాతాల విభాగంలో పనిచేసినవాణ్ణి. అంకెలు ఎక్కువగా వస్తాయి, క్షమించాలి.

మొట్టమొదట ఒక మాట ఒప్పుకుందాం. ఈ ప్రశ్నకు "వద్దు, ఒక్క పైసా ఇవ్వకూడదు" అని గట్టిగా చెప్పే అర్హత కంచన్‌బాగ్ వాసులకు అంతగా లేదు. ఈ రాళ్ళ గుట్టల మధ్య లాబులు, భారత్ డైనమిక్స్, మిధాని లేచింది ప్రజాధనంతోనే. ఇక్కడ తయారయ్యే క్షిపణికి చాలాకాలం కొనుగోలుదారు ఒక్కరే. ఆ ఒక్కరూ ఆర్డరు ఇవ్వని ఏడాది షాపు ఫ్లోరు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. లాభమే కొలబద్ద అయితే కొన్ని సంవత్సరాలలో మన గేట్లకు తాళాలు పడి ఉండేవి. కాని ఇక్కడ తయారయ్యే మారేజింగ్ స్టీలు గాని, టైటేనియం మిశ్రమాలు గాని డబ్బు పట్టుకుని వెళ్ళినా ఇతర దేశాలు అమ్మని రోజులున్నాయి. 1993లో క్రయోజెనిక్ ఇంజను పరిజ్ఞానం ఇవ్వబోయిన రష్యా అమెరికా ఒత్తిడికి లొంగి వెనక్కి తగ్గిన సంగతి మనవాళ్ళు మరిచిపోలేదు. కారు విషయం అలా కాదు. ఒక కంపెనీ కారు దొరక్కపోతే ఇంకో కంపెనీది కొనుక్కుంటాం. అందుచేత మన సంస్థలకు పెట్టిన ఖర్చును చూపించి కార్ల కంపెనీకీ పెట్టమనడం సరిపోదు. దాని లెక్క వేరుగా చూడాలి.

ఆ లెక్క చూడడానికి డెట్రాయిట్ దాకా వెళ్ళనక్కరలేదు. మన హైదరాబాదులోనే ఆల్విన్ ఉంది. ఈ హాలులో ఆల్విన్ ఫ్రిజ్ గాని, ఆల్విన్ బీరువా గాని లేని ఇల్లు ఒకప్పుడు ఎంతమందిది? 1942లో నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ స్థాపించారు. తర్వాత అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయింది. బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, జపాను సీకో వారి సహకారంతో చేతి గడియారాలు చేసింది. అక్కడితో ఆగక 1980లలో జహీరాబాద్‌లో నిస్సాన్ వారితో కలిసి చిన్న లారీలు చేయబూనింది. కారు కాకపోయినా ఈ ప్రాంతంలో ప్రభుత్వం వాహనాల తయారీలో చేయి పెట్టిన ముఖ్యమైన సందర్భం అదే.

అప్పుడు కేంద్రం దాదాపు ఒకేసారి జపాను కంపెనీలతో నాలుగు జతలకు అనుమతి ఇచ్చింది. డి.సి.ఎం. టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. దేశంలో చిన్న లారీల గిరాకీ ఎంత, బండ్లు చేసేవాళ్ళు ఎంతమంది అని ఎవరైనా కాగితం మీద వేసి చూశారో లేదో! అది చాలదన్నట్టు 1985లో పెద్ద దేశాలు కూర్చుని చేసుకున్న ఒప్పందం తర్వాత యెన్ విలువ ఆకాశానికెక్కింది. 1985 మొదట్లో డాలరుకు సుమారు 250 యెన్‌లు వచ్చేవి, 1988 నాటికి 130 దగ్గరకు దిగింది. విడిభాగాలు జపాను నుంచి రావాలి, వాటి ధర యెన్‌లలో కట్టాలి. ఇక్కడ లారీ అమ్మేది రూపాయల్లో. ఆ రూపాయి కూడా ఈలోగా తగ్గుతూనే ఉంది. అంటే అదే భాగానికి మూడేళ్ళలో రెట్టింపు పైగా చెల్లించాలి. ఇంతలో 1986లో టెల్కో వారు స్వదేశీ భాగాలతో 407 దింపారు. ఏ గ్రామానికి వెళ్ళినా విడిభాగం దొరికే బండి అది. లారీ యజమాని ఎటు వెళతాడో చెప్పనక్కరలేదు కదా.

ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ముందు మూడు దారులున్నాయి. డబ్బు పోస్తూ ఉండడం, తాళం వేయడం, పని తెలిసినవాడికి అప్పగించడం. జహీరాబాద్ విషయంలో మూడోది జరిగింది. 1980ల చివర మహీంద్రా వారు వచ్చారు, కొన్నేళ్ళకు ఆ కంపెనీ వారి దానిలోనే కలిసిపోయింది. 2013లో అక్కడే ట్రాక్టర్ల కర్మాగారం కూడా పెట్టారు. జహీరాబాద్ మీదుగా బీదర్ వెళ్ళేవారు ఆ గేటు చూసే ఉంటారు. ఫ్రిజ్‌ల విభాగం 1990ల తొలి భాగంలో వోల్టాస్ చేతికి వెళ్ళింది. గడియారాల విభాగం ప్రభుత్వం చేతిలోనే మిగిలింది. టైటాన్ ధాటికి హెచ్.ఎం.టి. అంతటిదే తట్టుకోలేకపోయినప్పుడు ఇది నిలుస్తుందా, చివరికి మూతపడింది.

అప్పగించడమే మందు అని నేను అంటున్నానని అనుకోకండి. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు వారికి 51 శాతం వాటాతో అప్పగించారు. 2015 డిసెంబరులో అదీ ఆగిపోయింది. కార్మికులు రోడ్డున పడ్డారు, చెరకు రైతు పంట మార్చుకోవలసి వచ్చింది. ఆ నాలుగు జతల్లో టయోటా వారిది కొరియా దేవూ చేతికి వెళ్ళి, ఆ దేవూయే దివాలా తీయడంతో మూతపడింది. పుచ్చుకునేవాడికి పని తెలుసా, సొంత డబ్బు పెడుతున్నాడా, లేక ఫ్యాక్టరీ కింద ఉన్న భూమి మీద కన్నుందా? అప్పగించేవాడు చూడవలసింది అక్కడ. సనత్‌నగర్, బాలానగర్ భూముల ధరలు మీకు నేను చెప్పాలా?

మారుతి కథ ఇంకా విచిత్రం. 1971లో పెట్టిన మారుతి కంపెనీ చెప్పుకోదగ్గ కారు ఒక్కటీ బయటికి రాకుండానే మూతపడింది. 1980లో కేంద్రం దాన్ని స్వాధీనం చేసుకుంది. రాజకీయం అందులో లేదని ఎవరూ అనరు. కాని చేసిన పని జాగ్రత్తగా చూడండి. పాత కంపెనీని బ్రతికించలేదు. గుర్‌గావ్‌లోని స్థలం, షెడ్లు తీసుకుని 1981లో మారుతి ఉద్యోగ్ అనే కొత్త కంపెనీ పెట్టారు. బి.హెచ్.ఇ.ఎల్. నడిపిన వి. కృష్ణమూర్తి గారిని తెచ్చి దాని పగ్గాలు ఇచ్చారు. 1982లో సుజుకీతో 26 శాతం వాటాకు ఒప్పందం చేసుకున్నారు. 1983 డిసెంబరు 14న మొదటి కారు బయటికి వచ్చింది. 2003లో షేర్లు జనానికి అమ్మి, 2007లో ప్రభుత్వం పూర్తిగా బయటపడింది. పెట్టిన దానికి ఎన్నో రెట్లు ఖజానాకు వచ్చింది. మన పిల్లల్లో చాలామంది మొదటి కారు మారుతియే.

మరి అంబాసిడరు సంగతి? మన డైరెక్టరు గార్లు ఎక్కి తిరిగిన తెల్ల అంబాసిడరు! దానికి అతి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. అది కూడా ఒక రకమైన ఆదుకోవడమే గాని ఆ పేరు ఎవరూ పెట్టలేదు. పోటీ లేని రోజుల్లో బండి మార్చే అవసరం రాలేదు, పోటీ వచ్చాక మార్చే శక్తి లేదు. 2014 మే నెలలో ఉత్తర్‌పారా కర్మాగారం ఆగిపోయింది. రెండు వేల పైచిలుకు కార్మికులు గేటు బయట నిలబడ్డారు. 2017లో అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్సు ప్యూజో వారికి 80 కోట్లకు అమ్మారు. పేరు వరకే సుమండీ.

ఇక అమెరికా. మన పిల్లలు అక్కడున్నారు గనుక కొంత వినికిడిలో ఉన్నదే. 1979లో క్రైస్లర్ కంపెనీ మునగబోతే అక్కడి ప్రభుత్వం నగదు ఇవ్వలేదు, 150 కోట్ల డాలర్ల అప్పుకు హామీ నిలబడింది. 1980 జనవరిలో ఆ చట్టం మీద కార్టర్ సంతకం చేశారు. అయితే ఊరికే ఇవ్వలేదు. కార్మికులు జీతంలో కోత ఒప్పుకోవాలి, బ్యాంకులు కొంత వదులుకోవాలి, కంపెనీ ఆస్తులు అమ్ముకోవాలి, షేర్లు పెరిగితే ఆ లాభంలో ప్రభుత్వానికి హక్కు ఉండాలి. 1983లోనే, గడువుకు ఏడేళ్ళ ముందు, అప్పు తీరింది. ఆ షేర్ల హక్కు అమ్మగా ప్రభుత్వానికి 30 కోట్ల డాలర్ల పైన మిగిలింది కూడా.

2008-09లో వచ్చింది దానికంటే పెద్ద గండం. జనరల్ మోటార్స్, మళ్ళీ క్రైస్లర్. ఈసారి ఖజానా నుంచి సుమారు 8,000 కోట్ల డాలర్లు వెళ్ళాయి. అన్నీ తిరిగి రాగా సుమారు 900 కోట్ల డాలర్లు పోయాయి. అక్కడి జనాభా మీద పంచితే తలకు సుమారు ముప్ఫై డాలర్లు. బదులుగా లక్షల ఉద్యోగాలు నిలిచాయని సమర్థించేవారి వాదన. వాటాదారులకు ఏమీ మిగల్లేదు, అది సబబే. 2013 డిసెంబరు నాటికి ప్రభుత్వం తన జనరల్ మోటార్స్ వాటాలన్నీ అమ్మేసింది.

కాని ఈ కథలో పత్రికలు అంతగా రాయని ముక్క ఒకటుంది. ఈ సభలో దాన్ని నేను దాటలేను. జనరల్ మోటార్స్‌కు విడిభాగాలు చేసే డెల్ఫీ అనే కంపెనీ ఉంది. ఒకప్పుడు అది జనరల్ మోటార్స్‌లోని భాగమే, 1999లో విడగొట్టారు. 2005లో దివాలాకు వెళ్ళింది. 2009లో దాని పెన్షన్ నిధులు అక్కడి ప్రభుత్వ పెన్షన్ హామీ సంస్థకు వెళ్ళాయి. ఆ సంస్థ పెన్షన్ మొత్తంగా ఇవ్వదు, ఒక పరిమితి వరకే ఇస్తుంది. అప్పుడు ఏం చేశారంటే, బలమైన యూనియన్‌లో ఉన్న గంటల జీతపు కార్మికులకు తగ్గిన మేర కొత్త జనరల్ మోటార్స్ భర్తీ చేసింది. ఆఫీసు సిబ్బంది, ఫోర్‌మన్లు, ఇంజనీర్లు ఇరవై వేలకు పైగా ఉన్నారు, వారికి చేయలేదు. ఒకే గేటులో ముప్ఫై ఏళ్ళు పక్క పక్కన నడిచిన ఇద్దరిలో ఒకరికి పూర్తి పెన్షన్, ఇంకొకరికి కోత. కొందరికి సగానికి మించి పోయింది. పుష్కరం పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. 2022 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు వారి మొర వినడానికి నిరాకరించింది. కంపెనీ బ్రతికింది, దేశాధ్యక్షుడు ఎన్నికల సభల్లో చెప్పుకున్నాడు కూడా. ఆ ఇరవై వేలమంది ఇళ్ళలో ఆ విజయం ఎలా వినిపించి ఉంటుంది?

బ్రిటన్ గురించి రెండే ముక్కలు. 1975లో బ్రిటిష్ లేలాండ్‌ను ప్రభుత్వం తీసుకుంది, ఏళ్ళ తరబడి డబ్బు పోసింది.  చేతులు మారి మారి చివరికి 2000లో పది పౌండ్లకు నలుగురు వ్యాపారులు పుచ్చుకున్నారు. 2005లో మూతపడే నాటికి దాదాపు ఆరు వేల ఉద్యోగాలు పోయాయి, ఆ నలుగురూ, వారు పెట్టుకున్న పెద్ద మేనేజరు ఒకరూ కలిసి జీతాలు, పెన్షన్లు అంటూ తీసుకున్నది నాలుగు కోట్ల పౌండ్ల పైన అని తర్వాత విచారణలో తేలింది.

మన దగ్గరికి వస్తే, విశాఖ ఉక్కు కారు కాకపోయినా ప్రశ్న అదే. 2021 జనవరిలో అమ్మేయాలని కేంద్రం నిర్ణయించింది, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. 140 కోట్ల జనాభాకు తలకు ఎనభై రెండు రూపాయలు. మనలో ఎవరూ దానికి గొణగనవసరం లేదు. 32 మంది ప్రాణాలతో వచ్చిన ఫ్యాక్టరీ అది. అయితే లెక్కలు చూసినవాడిగా ఒక్కటి మనవి చేస్తాను. సొంత ఇనుప గనులు లేకుండా ఉక్కు చేసేవాడు గనులున్నవాడితో ధరలో పోటీ పడాలంటే ఎన్నిసార్లు డబ్బు పోసినా అదే గండం మళ్ళీ వస్తుంది. గని ఇవ్వకుండా నగదు ఇవ్వడం నాకు రుచించలేదు.

ఇప్పుడు మన సంగతి. ఈ హాలులో రెండు రకాల వాళ్ళం కూర్చున్నాం. లాబుల నుంచి వచ్చినవారికి కేంద్ర ప్రభుత్వ పెన్షన్, కరువు భత్యం ఉంటాయి. ఫ్యాక్టరీల నుంచి వచ్చిన మాకు 1995 నాటి ఇ.పి.ఎస్. పెన్షన్. 2014 సెప్టెంబరులో దాని కనీస మొత్తం వెయ్యి రూపాయలని నిర్ణయించారు. పదేళ్ళు గడిచినా అంకె వెయ్యి దగ్గరే ఉంది. కంపెనీలకు వేల కోట్లు ఇచ్చేవారికి మా వెయ్యిని పెంచడానికి చెయ్యి రాదేమని మా సోదరులు అడుగుతుంటారు. అడగవలసిందే. అయితే రెండు లెక్కలనూ కలిపి గొడవ పడితే లాభం లేదు. కంపెనీ మునిగినప్పుడు పోయేది కూడా మా వంటివాళ్ళ డబ్బే.

మా బావగారు ఒక ప్రైవేటు కంపెనీలో విడిభాగాల షాపులో పనిచేశారు. పేరు చెప్పను. చివరి రెండేళ్ళు జీతంలోంచి ప్రావిడెంట్ ఫండ్ కోసినట్టు చీటీలో ఉండేది, ఆఫీసులో మాత్రం జమ కాలేదు. మూతపడ్డాక తెలిసింది. ఎనిమిదేళ్ళు బర్కత్‌పురా ఆఫీసు చుట్టూ ఆ చీటీలు పట్టుకుని తిరిగారు. ఆయన పోయాక మా అక్కయ్య తిరుగుతోంది. కంపెనీ స్థలం మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. "తమ్ముడూ, ఆ మిషన్లు అమ్మిన డబ్బు ఎటు పోయిందిరా" అని అక్కయ్య అడిగితే నాకు వచ్చిన ఖాతాల విద్య అంతా ఎందుకూ పనికిరాలేదు.

ఆ కంపెనీని ప్రభుత్వం ఆదుకుని ఉండవలసిందా అని నన్నడిగితే, అక్కరలేదంటాను. దాని సరుకు బయట పది చోట్ల దొరుకుతుంది, యజమానికి అమ్ముకోవడానికి భూమి ఉంది. కాని మా బావగారి లాంటివాళ్ళ బకాయిలకు, ఆ కంపెనీకి బోల్టులు, బుష్షులు చేసిపెట్టిన జీడిమెట్ల లేతు షాపుల బిల్లులకు ప్రభుత్వం ముందే పూచీ పడి, తర్వాత ఆ భూమి నుంచి రాబట్టుకుని ఉంటే అది నిజంగా ఆదుకోవడం. పెద్ద ఫ్యాక్టరీ ఆగితే ముందు చచ్చేది ఈ చిన్న షాపులే. బ్యాంకుకు తాకట్టు ఉంటుంది, లేతు షాపువాడికి చేతిలో బిల్లు తప్ప ఏమీ ఉండదు.

ఖాయిలా పరిశ్రమల బోర్డు రోజులు చాలామందికి గుర్తే. ఫైలు బోర్డుకు వెళితే అప్పులవాళ్ళు ముట్టుకోలేరు, యజమాని మాత్రం కుర్చీలోనే ఉండేవాడు. 2016లో దాన్ని ఎత్తివేసి దివాలా చట్టం తెచ్చారు. దాని ప్రకారం కంపెనీ ఆస్తులు అమ్మితే కార్మికుల 24 నెలల బకాయిలు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా నిలుస్తాయి. ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము అప్పులవాళ్ళకు పంచే ఆస్తుల్లో కలవదు. మంచిదే. అయితే కార్మికుడు కాని ఉద్యోగికి, అంటే మనలాంటి గుమాస్తాకు, సూపర్‌వైజరుకు 12 నెలలే, అదీ బ్యాంకుల తర్వాత. డెల్ఫీ ఆఫీసువాళ్ళకు జరిగిన దాంట్లో కొంత ఇక్కడ చట్టంలోనే ఉందన్నమాట.

అందుచేత కార్యదర్శి గారి ప్రశ్నకు నా జవాబు చెబుతాను. కార్ల కంపెనీ అయినా మరేదైనా, ప్రభుత్వం డబ్బు పెట్టదలిస్తే ముందు వాటాదారుడి సొమ్ము పూర్తిగా పోవాలి, పాత యాజమాన్యం దిగాలి, పని తెలిసిన కొత్తవాడు సొంత డబ్బుతో రావాలి, ప్రభుత్వం ఏ సంవత్సరానికి బయటపడుతుందో ముందే రాసి ఉండాలి. మారుతిలో ఇవి చాలావరకు జరిగాయి, లేలాండ్‌లో జరగలేదు. వీటన్నిటికంటే ముందు, ఆర్డరు కాగితంలో మొదటి పేరాలోనే ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ బకాయిలు ఎంత, రిటైరైనవారి వైద్య పథకం ఏమవుతుంది అన్నది ఉండాలి. అందులో కార్మికుడికీ గుమాస్తాకూ తేడా ఉండకూడదు.

ఈ చివరి మాట మీద కేంద్ర కార్మిక శాఖకు పంపడానికి ఒక వినతి పత్రం తయారు చేశాం. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి. ఒక పేజీయే. తొందర లేదు, కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివి, సమ్మతమైతేనే సంతకం చేయండి. కుటుంబ పెన్షన్ తీసుకుంటున్న సోదరీమణులు కూడా చేయవచ్చు, వారి కోసం విడిగా వరుస వేయించాం. సంతకంతో పాటు పెన్షన్ ఆర్డరు నంబరు రాయడం మరవకండి, కిందటిసారి నంబర్లు లేక నలభై సంతకాలు పనికిరాకుండా పోయాయి.